రెండు ఒలింపిక్ గోల్డ్స్.. వరల్డ్ టైటిల్.. అయినా టీవీలు వద్దన్న బాక్సర్! ఎవరీ గియెర్మో రిగోండో?

అది 2013 ఏప్రిల్ 13. న్యూయార్క్‌లోని ఫేమస్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్. రింగ్‌లో ఒకవైపు ఫిలిప్పీన్స్ స్టార్ నోనీటో డొనైర్. అంతకుముందు ఏడాది 'ఫైటర్ ఆఫ్ ది ఇయర్' అవార్డు అందుకున్న బాక్సర్. కెరీర్‌లో ఒకే ఒక్క ఓటమి. మరోవైపు క్యూబా నుంచి వచ్చిన గియెర్మో రిగోండో. ప్రొఫెషనల్‌గా అతనికది 12వ ఫైట్ మాత్రమే. 12 రౌండ్లు ముగిశాక ముగ్గురు జడ్జీలూ రిగోండోనే విజేత అన్నారు. స్కోర్లు 114-113, 115-112, 116-111.

మామూలుగా అయితే ఇలాంటి గెలుపు తర్వాత బాక్సర్ రాత మారిపోవాలి. పెద్ద ఫైట్లు, పెద్ద చెక్కులు క్యూ కట్టాలి. రిగోండో విషయంలో సీన్ రివర్స్ అయింది. ఫైట్ జరుగుతుండగానే హాల్లో జనం అరుస్తూ అసహనం చూపించారు. తర్వాత అతని సొంత ప్రమోటర్ బాబ్ ఆరమ్ కూడా ఈ స్టైల్‌ను అమ్మడం కష్టమని బాహాటంగానే చెప్పారు. ప్రపంచంలోనే బెస్ట్ బాక్సర్లలో ఒకడిని ఎవరూ చూడాలనుకోకపోవడం ఏంటి? దీనికి సమాధానం కావాలంటే క్యూబా వెళ్లాలి.

సాంటియాగో కుర్రాడు.. 'నక్క' అనే నిక్ నేమ్

రిగోండో 1980 సెప్టెంబర్ 30న క్యూబా తూర్పు వైపున్న సాంటియాగో డి క్యూబా ప్రాంతంలో పుట్టాడు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలే. ఎడమచేతి వాటం. నిక్ నేమ్ 'ఎల్ చకాల్'. అంటే స్పానిష్‌లో నక్క. ఈ పేరు ఊరికే రాలేదని అతని ఫైట్ ఒక్కటి చూసినా తెలిసిపోతుంది. తొందరపడడు, దగ్గరికి రానివ్వడు, ఎదుటివాడు తప్పు చేసేదాకా కాచుకుని కూర్చుంటాడు. తప్పు చేశాడో.. ఎడమ చేతి దెబ్బ ఎప్పుడు తగిలిందో కూడా తెలియదు.

క్యూబాలో బాక్సింగ్ అంటే మామూలు ఆట కాదు. ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి వచ్చాక 1960ల మొదట్లో అక్కడ ప్రొఫెషనల్ స్పోర్ట్స్‌ను నిషేధించారు. డబ్బు కోసం కాదు, దేశం కోసం ఆడాలన్నది రూల్. ఊళ్లలోని చిన్న చిన్న జిమ్‌ల నుంచి పిల్లల్ని ఏరుకుని, స్పోర్ట్స్ స్కూళ్లలో చదివించి, చివరికి హవానా దగ్గరున్న 'లా ఫింకా' నేషనల్ ట్రైనింగ్ సెంటర్‌కు పంపిస్తారు. ఈ సిస్టమ్ నుంచే టియోఫిలో స్టీవెన్‌సన్ వచ్చాడు. 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో మూడు గోల్డ్స్. మహమ్మద్ అలీతో ఫైట్ చేయమని మిలియన్ల డాలర్లు ఆఫర్ చేసినా కాదన్నాడు. అతని తర్వాత ఫెలిక్స్ సావోన్ కూడా మూడు గోల్డ్స్ కొట్టాడు.

ఈ క్యూబా స్కూల్‌తో మన దేశానికీ లింక్ ఉంది. క్యూబా కోచ్ బీఐ ఫెర్నాండెజ్ ఏళ్ల తరబడి భారత బాక్సర్లకు ట్రైనింగ్ ఇచ్చారు. 2012లో ద్రోణాచార్య అవార్డు కూడా అందుకున్నారు. ఆ అవార్డు దక్కిన తొలి విదేశీ కోచ్ ఆయనే.

సరే, రిగోండో దగ్గరికి వద్దాం. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి అతని వయసు 20 ఏళ్లు కూడా పూర్తిగా నిండలేదు. 54 కేజీల బాంటమ్‌వెయిట్ ఫైనల్లో రష్యాకు చెందిన రైమ్‌కుల్ మలఖ్‌బెకోవ్‌ను 18-12తో ఓడించి గోల్డ్ కొట్టాడు. 2001లో బెల్‌ఫాస్ట్‌లో వరల్డ్ ఛాంపియన్. 2003లో పాన్ అమెరికన్ గేమ్స్ గోల్డ్. 2004 ఏథెన్స్ ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ వొరపోజ్ పెచ్‌కూమ్‌పై 22-13తో గెలిచి రెండో ఒలింపిక్ గోల్డ్. 2005లో చైనాలోని మియాన్‌యాంగ్‌లో మళ్లీ వరల్డ్ ఛాంపియన్. అమెచ్యూర్‌గా 400కు పైగా ఫైట్లు గెలిచాడని చెబుతారు.

ఆ స్కోర్ల వెనక అసలు కథ

18-12, 22-13.. ఇవి చూసి ఇదేంటి, బాక్సింగ్‌లో ఇలాంటి స్కోర్లు ఉంటాయా అనే డౌట్ రావొచ్చు. అప్పట్లో అమెచ్యూర్ బాక్సింగ్‌లో కంప్యూటర్ స్కోరింగ్ ఉండేది. రింగ్ చుట్టూ ఐదుగురు జడ్జీలు, ప్రతి ఒక్కరి ముందు బటన్లు. క్లీన్‌గా తగిలిన పంచ్ కనపడగానే నొక్కాలి. ఐదుగురిలో కనీసం ముగ్గురు ఒక్క సెకను తేడాలో నొక్కితేనే పాయింట్. ఎంత గట్టిగా కొట్టారన్నది లెక్కలోకి రాదు. ఎదుటివాడు కింద పడినా పాయింట్ ఒక్కటే! తలకు హెడ్‌గార్డ్ ఉంటుంది. రెండు నిమిషాల చొప్పున నాలుగే రౌండ్లు.

ఈ పద్ధతిలో గెలవాలంటే ఏం చేయాలి? కనిపించేలా ఒక పంచ్ వేయాలి, వెంటనే తప్పుకోవాలి. పాయింట్లలో ముందుకెళ్లాక రిస్క్ తీసుకోకూడదు. ఎదుటివాడే తరుముకుంటూ రావాలి, వచ్చినప్పుడల్లా ఇంకో పాయింట్ తీసుకోవాలి. రిగోండో ఈ విద్యలో పండిపోయాడు. చిన్నప్పటి నుంచి వందల ఫైట్లలో అదే పని చేసిన మనిషికి అది ఒంట్లో భాగమైపోయింది. తర్వాత అమెరికాలో అతని మీద వచ్చిన కంప్లైంట్ అంతా ఇదే.

రియోలో అదృశ్యం.. అసలేం జరిగిందంటే?

ఏథెన్స్‌లో క్యూబాకు బాక్సింగ్‌లో ఐదు గోల్డ్స్ వచ్చాయి. ఆ ఐదుగురిలో ముగ్గురు.. యాన్ బార్తెలెమీ, యురియోర్కిస్ గాంబోవా, ఓడ్లానియర్ సోలిస్.. 2006 డిసెంబర్‌లో వెనెజువెలాలో ట్రైనింగ్‌కు వెళ్లి జట్టును వదిలి పారిపోయారు. తర్వాత జర్మనీ వెళ్లి ప్రొఫెషనల్స్‌గా మారారు. క్యూబా ప్రభుత్వానికి ఇది గట్టి దెబ్బ. అప్పటినుంచి మిగిలిన స్టార్లపై అందరి కళ్లూ పడ్డాయి.

ఏడాది తిరగకముందే 2007 జులైలో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో పాన్ అమెరికన్ గేమ్స్. రిగోండో, సహచరుడు ఎరిస్లాండి లారా బరువు తూకానికి రాలేదు. జట్టు బస నుంచి మాయమయ్యారు! దాదాపు రెండు వారాల తర్వాత రియో రాష్ట్రంలోని ఓ బీచ్ టౌన్‌లో పోలీసులకు దొరికారు. తిరిగి సొంత దేశానికే వెళ్తామని వాళ్లే చెప్పారన్నది బ్రెజిల్ అధికారుల మాట. ఏది ఏమైనా ఇద్దరినీ ఫ్లైట్ ఎక్కించి హవానా పంపేశారు. బ్రెజిల్‌లో దీనిపై పెద్ద రాజకీయ దుమారమే రేగింది.

అప్పటికి ఫిడెల్ కాస్ట్రో అనారోగ్యంతో పదవీ బాధ్యతలు తమ్ముడు రౌల్‌కు అప్పగించారు. కానీ పత్రికలో కాలమ్స్ మాత్రం రాస్తూనే ఉన్నారు. ఈ ఇద్దరి గురించీ రాశారు. అరెస్టులు ఉండవని చెబుతూనే, బాక్సింగ్‌లో వీళ్ల కథ ముగిసిపోయిందని తేల్చేశారు. ఒక దేశాధినేత నుంచి ఒక బాక్సర్‌కు ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదేమో. జైలు లేదు, కేసు లేదు. గ్లోవ్స్ మాత్రం తొడగకూడదు. రిగోండో వయసు అప్పటికి 26. ఒక బాక్సర్ ఒంట్లో వేగం, బలం పీక్‌లో ఉండే టైమ్ అది.

ఆ ఏడాది చికాగోలో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌కు క్యూబా అసలు జట్టునే పంపలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు రిగోండో వెళ్లి గెలిచి ఉంటే స్టీవెన్‌సన్, సావోన్ సరసన మూడు గోల్డ్స్ లిస్టులో నిలిచేవాడు. అతని 54 కేజీల్లో క్యూబా తరఫున యాంకియెల్ లియోన్ దిగాడు. ఫైనల్ దాకా వెళ్లి మంగోలియా బాక్సర్ బదార్ ఊగన్ చేతిలో ఓడి సిల్వర్‌తో సరిపెట్టుకున్నాడు. బాక్సింగ్‌లో క్యూబాకు ఆ ఒలింపిక్స్‌లో ఒక్క గోల్డ్ కూడా రాలేదు. 1968 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

సముద్రం దాటి..

లారా 2008లో క్యూబా దాటేశాడు. తర్వాత ప్రొఫెషనల్ వరల్డ్ ఛాంపియన్ కూడా అయ్యాడు. 2009 ఫిబ్రవరిలో రిగోండో వంతు వచ్చింది. సముద్ర మార్గంలో మెక్సికో, అక్కడి నుంచి మయామీ. ఈ దారిలో పడవ నడిపేవాళ్లు స్మగ్లర్లు. పట్టుబడితే ఏమవుతుందో తెలియదు, నడిసముద్రంలో ఏం జరిగినా అడిగే దిక్కుండదు. భార్యాపిల్లలు క్యూబాలోనే ఉండిపోయారు. అలా వెళ్లిపోయిన ఆటగాళ్లు అప్పట్లో మళ్లీ సొంతూరికి రావడమంటే జరిగే పని కాదు. అంటే అతను ఎక్కింది వన్ వే పడవ.

2009 మే 22న మయామీ బీచ్‌లో తొలి ప్రొఫెషనల్ ఫైట్. హువాన్ నొరియెగాను మూడో రౌండ్‌లోనే ఆపేశాడు. వయసు 28. మామూలుగా ప్రొఫెషనల్ బాక్సర్లు 18, 19 ఏళ్లకే మొదలుపెట్టి, ఈజీ ఫైట్లతో పదేళ్లు పేరు, ఫ్యాన్ బేస్ కట్టుకుంటారు. రిగోండోకు అంత టైమ్ లేదు. అందుకే నేరుగా డీప్ ఎండ్‌లోకి దూకేశాడు.

ఏడో ఫైట్‌కే టైటిల్! 2010 నవంబర్‌లో టెక్సస్‌లోని కౌబాయ్స్ స్టేడియంలో మానీ పకియావ్ ఫైట్ జరిగిన రాత్రే, అదే కార్డులో పనామా బాక్సర్ రికార్డో కోర్డోబాతో తలపడ్డాడు. కోర్డోబాను కింద పడేశాడు, తానూ ఒకసారి కింద పడ్డాడు. స్ప్లిట్ డెసిషన్‌తో డబ్ల్యూబీఏ తాత్కాలిక టైటిల్ దక్కింది. కానీ అక్కడా ప్రేక్షకుల నుంచి అరుపులే. 2011 మార్చిలో డబ్లిన్ వెళ్లి, లోకల్ ఫేవరెట్ విల్లీ కేసీని వాళ్ల జనం మధ్యలోనే తొలి రౌండ్‌లో ముగించేశాడు. 2012 జనవరిలో లాస్ వేగస్‌లో అప్పటిదాకా ఓటమి ఎరుగని రికో రామోస్‌ను ఆరో రౌండ్‌లో నాకౌట్ చేసి పూర్తిస్థాయి డబ్ల్యూబీఏ సూపర్ బాంటమ్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అది అతనికి తొమ్మిదో ఫైట్ మాత్రమే.

డొనైర్ ఫైట్‌లో అసలేం చేశాడు?

మళ్లీ ఆ రేడియో సిటీ రాత్రికి వద్దాం. ఎందుకంటే రిగోండో అంటే ఏంటో తెలియాలంటే ఈ ఒక్క ఫైట్ చాలు. డొనైర్ బలమంతా అతని లెఫ్ట్ హుక్. ఆ ఒక్క పంచ్‌తో ఎంతోమందిని పడుకోబెట్టాడు. రిగోండో పక్కనున్న కోచ్ పెడ్రో డియాజ్ కూడా క్యూబా వదిలి వచ్చినవాడే. ప్లాన్ సింపుల్. హుక్ వేసే దూరంలో అసలు నిలబడకూడదు.

తొలి రౌండ్ నుంచే అది కనిపించింది. డొనైర్ అడుగు ముందుకేస్తే రిగోండో పాదం ఒక్క అంగుళం వెనక్కి. హుక్ గాల్లో తేలిపోతుంది. ఆ గ్యాప్‌లో స్ట్రెయిట్ లెఫ్ట్ వచ్చి మొహం మీద పడుతుంది. మళ్లీ పక్కకు. రౌండ్ తర్వాత రౌండ్ ఇదే తంతు. డొనైర్ లాంటివాడు కొట్టాలా వద్దా అని తటపటాయించడం అంతకుముందు ఎవరూ చూడలేదు. పదో రౌండ్‌లో మాత్రం డొనైర్ లెఫ్ట్ ఒకటి దొరికింది, రిగోండో కింద పడ్డాడు. లేచాడు. పెద్దగా కంగారు పడలేదు. 12వ రౌండ్‌లో రిగోండో లెఫ్ట్ దెబ్బకు డొనైర్ కన్ను వాచిపోయి, చేత్తో కప్పుకుంటూ ఫైట్ ముగించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఈ ఫైట్ వీడియో చూస్తే పాదాలనే చూడాలి. చేతుల్ని చూస్తే బోర్ కొడుతుంది. పాదాల్ని చూస్తే మాత్రం కళ్లు తిప్పుకోలేం.

కానీ టికెట్ కొన్న ప్రేక్షకుడు పాదాలు చూడ్డానికి రాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో అట్లాంటిక్ సిటీలో ఘనా బాక్సర్ జోసెఫ్ అగ్బెకోతో ఫైట్. ముగ్గురు జడ్జీలూ 120-108 ఇచ్చారు. అంటే 12కు 12 రౌండ్లూ రిగోవే. ఒక్క రౌండ్ కూడా పోనివ్వని ఛాంపియన్‌కు దక్కిన బహుమతి ఏంటంటే.. హెచ్‌బీవో ఛానల్ తలుపులు మూసేయడం. అతని ఫైట్లకు రేటింగ్స్ రావని, ప్రసారం చేసే ఆసక్తి లేదని మాటలు మొదలయ్యాయి. మరోవైపు ఇతర ఛాంపియన్లు అతనితో తలపడడానికి ముందుకు రాలేదు. ఓడిపోయే ఛాన్స్ ఎక్కువ, వచ్చే డబ్బు తక్కువ. ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు?

ఛాంపియన్.. కానీ ఫైట్లే లేవు

తర్వాతి మూడేళ్లు ఊరూరా తిరగడమే. 2014 జులైలో మకావులో ఒక్క రౌండ్ ఫైట్. 2014 డిసెంబర్ 31న జపాన్‌లోని ఒసాకాలో హిసాషి అమగాసాతో మరో ఫైట్. బోరింగ్ అన్నవాళ్లు ఈ ఫైట్ తప్పక చూడాలి. ఏడో రౌండ్‌లో రిగోండో ఏకంగా రెండుసార్లు కింద పడ్డాడు. పని అయిపోయిందనుకున్న టైమ్‌లో తిరగబడి అమగాసా ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయేలా కొట్టాడు. 11వ రౌండ్ తర్వాత అమగాసా కార్నర్ చేతులెత్తేసింది.

2015లో ర్యాపర్ జే-జీ స్థాపించిన రాక్ నేషన్‌తో ఒప్పందం కుదిరింది. అయినా ఫైట్లు పెరగలేదు. తగినన్ని ఫైట్లు చేయడం లేదంటూ అదే ఏడాది డబ్ల్యూబీవో టైటిల్ లాగేసుకుంది. ఫైట్ ఇవ్వకపోతే ఎలా చేస్తాడని అడిగే నాథుడే లేడు. 2016 జులైలో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జాజా డికెన్స్ దవడ విరగ్గొట్టి రెండు రౌండ్లలో ముగించాడు. 2017 జూన్‌లో మొయిసెస్ ఫ్లోరెస్‌ను తొలి రౌండ్ చివర్లో పడేస్తే, పంచ్ బెల్ మోగాక తగిలిందంటూ ఆ ఫలితాన్ని తర్వాత రద్దు చేశారు.

లొమచెంకో.. కోరి తెచ్చుకున్న ఫైట్

2017 డిసెంబర్ 9. మాడిసన్ స్క్వేర్ గార్డెన్ థియేటర్. ఎదురుగా ఉక్రెయిన్ సంచలనం వాసిల్ లొమచెంకో. అతనికీ 2008, 2012 ఒలింపిక్ గోల్డ్స్ ఉన్నాయి. రెండేసి ఒలింపిక్ గోల్డ్స్ ఉన్న ఇద్దరు ప్రొఫెషనల్ రింగ్‌లో తలపడడం చరిత్రలో అదే తొలిసారి.

కాగితం మీద డ్రీమ్ ఫైట్. లెక్కలు మాత్రం వేరే. లొమచెంకో వయసు 29, రిగోండోకు 37. పైగా 122 పౌండ్ల నుంచి రెండు కేటగిరీలు దాటి 130 పౌండ్లకు రావాలి. ఏళ్ల తరబడి పెద్ద ఫైట్ దొరకని మనిషి ఇవన్నీ ఓకే అన్నాడు.

జీవితమంతా ఎదుటివాళ్లకు తాను చేసిందే ఆ రాత్రి లొమచెంకో అతనికి చేశాడు. కొట్టబోతే అక్కడ ఉండడు, తేరుకునేలోపు పక్క నుంచి వచ్చి కొడతాడు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ సంస్థ ప్రకారం రిగోండో 178 పంచ్‌లు విసిరితే తగిలినవి 15. దగ్గరికొస్తే పట్టుకుని వేలాడడంతో ఆరో రౌండ్‌లో రిఫరీ ఒక పాయింట్ కోశాడు. ఆ రౌండ్ ముగిశాక రిగోండో స్టూల్ మీద నుంచి లేవలేదు. ఎడమ చేతికి గాయమైందన్నాడు. ప్రొఫెషనల్‌గా అదే తొలి ఓటమి.

సోషల్ మీడియాలో అతన్ని ఆడిపోసుకున్నారు. రింగ్‌లో కుర్చీ మీద కూర్చుని ఓడిపోవడం బాక్సింగ్ ఫ్యాన్స్ అంత ఈజీగా క్షమించే విషయం కాదు. అందులో తప్పు లేదు కూడా. అయితే 26 నుంచి 28 ఏళ్ల వయసులో గ్లోవ్స్ లేకుండా గడిపిన కాలం ఏ స్కోర్ కార్డులోనూ కనపడదు.

కథ అక్కడితో ఆగలేదు

చాలామంది అక్కడితో రిటైర్ అవుతారనుకున్నారు. రిగోండో 2019లో మెక్సికో బాక్సర్ హూలియో సేహాతో ఫైట్‌లో అందరూ అడిగిందే చేశాడు. దగ్గరగా నిలబడి కొట్లాడి ఎనిమిదో రౌండ్‌లో ముగించాడు. 2020 ఫిబ్రవరిలో 39 ఏళ్ల వయసులో లిబోరియో సోలిస్‌పై స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచి డబ్ల్యూబీఏ బాంటమ్‌వెయిట్ రెగ్యులర్ టైటిల్ పట్టాడు.

2021 ఆగస్టులో ఫిలిప్పీన్స్ బాక్సర్ జాన్ రియెల్ కాసిమెరో చేతిలో స్ప్లిట్ డెసిషన్‌తో ఓటమి. కాసిమెరో తరమడం, రిగోండో రింగ్ చుట్టూ తిరగడం.. 12 రౌండ్లూ ఇదే. ఇద్దరూ కలిపి తగిలించిన పంచ్‌లు కేవలం 91! 12 రౌండ్ల ఫైట్లలో కంప్యూబాక్స్ లెక్కల్లో అప్పటికి ఇదే అత్యల్పం. 2022 ఫిబ్రవరిలో దుబాయ్‌లో విన్సెంట్ ఆస్ట్రొలాబియో చేతిలో మరో ఓటమి.

ఆ మరుసటి నెలలోనే మయామీలోని ఇంట్లో వంట చేస్తుండగా ప్రెషర్ కుక్కర్ పేలింది. ముఖం కాలింది, కళ్లకు తీవ్రంగా గాయమైంది. చూపు సంగతేంటన్నదే అనుమానంగా మారింది. పంచ్ వచ్చేలోపే చూసి తప్పుకోవడం మీద కెరీర్ అంతా కట్టుకున్న మనిషికి, కళ్ల మీదే దెబ్బ పడింది.

అతను ఆస్పత్రి నుంచి బయటపడి కోలుకుంటున్న ఆ రోజుల్లోనే, 2022 ఏప్రిల్‌లో క్యూబా నుంచి ఓ ప్రకటన వచ్చింది. తమ బాక్సర్లు ఇకపై ప్రొఫెషనల్ ఫైట్లు ఆడొచ్చని! మెక్సికో కంపెనీతో డీల్ కూడా కుదిరింది. మే నెలలో మెక్సికోలోని అగ్వాస్‌కాలియెంటెస్‌లో ఒలింపిక్ ఛాంపియన్లు హూలియో సీజర్ లా క్రూజ్, ఆర్లెన్ లోపెజ్ లాంటివాళ్లు క్యూబా జెండా కిందే, అధికారికంగా, ప్రొఫెషనల్ రింగ్ ఎక్కారు. ఎవరూ పడవ ఎక్కలేదు.

రిగోండో 2023 ఫిబ్రవరిలో మళ్లీ గ్లోవ్స్ తొడిగాడు. అప్పటికి వయసు 42. ఆ ఫైట్ గెలిచాడు.